బధిర బాలల గురువు గ్రాహంబెల్

టెలిఫోను అనగానే ఎవరికైనా అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేరు స్ఫురిస్తుంది. పాఠ్యపుస్తకాలలో ఆయనకు లభించే పరిచయం కూడా సాధారణంగా అంతటితోనే ముగుస్తుంది. కాని తన వృత్తి ఏమిటని అడిగినవారికి బెల్ తాను బధిరుల ఉపాధ్యాయుడినని చెప్పుకొనేవాడు. టెలిఫోను ఆయన ఇరవై తొమ్మిదవ ఏట సాధించిన విజయం. బధిర బాలల విద్య మాత్రం ఆయన యౌవనారంభం నుండి తుదిశ్వాస వరకు విడువని వ్రతం. ఆ వ్రతంలో మానవజాతికి జరిగిన మేలు గొప్పది. అందులో ఆయన చేసిన పొరపాటూ చిన్నది కాదు. ఒక మహనీయుని జీవితాన్ని పరిశీలించేటప్పుడు ఈ రెండింటినీ చూడడమే న్యాయం.

బెల్ 1847వ సంవత్సరం మార్చి 3వ తేదీన స్కాట్లండు దేశపు ఎడింబరో నగరంలో జన్మించాడు. ఉచ్చారణ శాస్త్రం ఆ కుటుంబానికి కులవిద్య వంటిది. తాత అలెగ్జాండర్ బెల్, తండ్రి అలెగ్జాండర్ మెల్విల్ బెల్ ఇరువురూ స్పష్టంగా మాట్లాడడం నేర్పే గురువులు. తండ్రి మరొక అడుగు ముందుకు వేసి, మానవ కంఠం నుండి వెలువడే ప్రతి ధ్వనికీ ఒక గుర్తును కల్పించాడు. నాలుక ఎక్కడ ఉండాలి, పెదవులు ఎలా కదలాలి, శ్వాస ఏ విధంగా వెలువడాలి అన్న విషయాలను ఆ గుర్తులే కంటికి చూపుతాయి. ఈ లిపికి ఆయన దృశ్యవాక్కు అనే అర్థం వచ్చే పేరు పెట్టి 1867లో గ్రంథంగా ప్రకటించాడు.

ఇంత వాక్సంపద గల ఇంటిలో తల్లి ఎలైజాకు వినికిడి బహుస్వల్పం. గొట్టం వంటి సాధనాన్ని చెవికి ఆనించుకొని ఆమె ఇతరుల మాటలు ఆలకించేది. అయినా ఆమె పియానో వాద్యంలో నిపుణురాలు. కుమారునికి తొలి సంగీత గురువు కూడా ఆమెయే. అందరూ ఆ గొట్టంలోనికి బిగ్గరగా మాట్లాడుతుంటే బాలుడైన బెల్ మాత్రం తల్లి నుదుటికి దగ్గరగా నోరు చేర్చి మంద్రస్వరంతో మాట్లాడేవాడు. ఆ స్వరకంపనలు ఆమెకు అందేవి. ధ్వని అంటే కంపనమేనన్న శాస్త్రసత్యం ఆయనకు మొదట బోధపడింది ప్రయోగశాలలో కాదు, కన్నతల్లి సన్నిధిలో.

పదహారవ ఏటనే బెల్ ఎల్గిన్ పట్టణంలోని ఒక పాఠశాలలో సంగీతం, ఉచ్చారణ బోధించడానికి కుదురుకొన్నాడు. 1868లో లండన్‌లోని ఒక చిన్న బధిర పాఠశాలలో తండ్రి కనిపెట్టిన లిపి సాయంతో పిల్లలకు మాటలు నేర్పే అవకాశం కలిగింది. పుట్టి బుద్ధెరిగిన తరువాత ఒక్క శబ్దమైనా వినని పిల్లలు అక్షరధ్వనులను పలుకగలగడం చూసి ఆయన తన మార్గాన్ని నిశ్చయించుకొన్నాడు.

ఇంతలో కుటుంబంపై పిడుగుపాటు. తమ్ముడు ఎడ్వర్డ్ 1867లో, అన్న మెల్విల్ 1870లో క్షయవ్యాధికి బలి అయ్యారు. మిగిలిన ఒక్క కుమారుని ఆరోగ్యం కూడా క్షీణించసాగింది. తల్లిదండ్రులు పుట్టిన గడ్డను విడిచి, 1870లో బెల్‌ను వెంటబెట్టుకొని కెనడా దేశంలోని బ్రాంట్‌ఫర్డ్‌కు తరలిపోయారు. అక్కడి గాలి, విశ్రాంతి ఆయనకు ప్రాణం పోశాయి. మరుసటి ఏడాదియే అమెరికాలోని బోస్టన్ నగరపు బధిర పాఠశాల ఆయనను ఆహ్వానించింది. 1873లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో వాక్కుకు సంబంధించిన శరీరధర్మశాస్త్రానికి ఆచార్యుడయ్యాడు. అప్పటికాయన వయస్సు ఇరవై ఆరేళ్ళు.

ఆ రోజులలో ఆయన వద్ద చదివిన ఇద్దరు విద్యార్థులను మనం ప్రత్యేకంగా స్మరించాలి. ఒకడు జార్జి శాండర్స్ అనే పసివాడు, పుట్టు చెవిటి. బెల్ అతనికొక చేతి తొడుగు కుట్టించి, దానిపై అక్షరాలు వ్రాసి, ఏ అక్షరంపై వ్రేలు పెడితే ఆ అక్షరంగా గ్రహించేటట్లు తర్ఫీదు ఇచ్చాడు. అలా వ్రేళ్ళ కొసలమీద గురుశిష్యులు సంభాషించుకొన్నారు. రెండవ విద్యార్థిని మేబెల్ హబ్బర్డ్. ఐదేళ్ళ ప్రాయంలో స్కార్లెట్ జ్వరం సోకి ఆమె వినికిడిని పూర్తిగా కోల్పోయింది. తండ్రి గార్డినర్ హబ్బర్డ్ ప్రముఖ న్యాయవాది. కూతురు మూగదై పోకూడదన్న పట్టుదలతో ఆయన బధిరులకు మాటలు నేర్పే పాఠశాల ఒకటి 1867లో నెలకొల్పడానికి ముఖ్య కారకుడయ్యాడు. మేబెల్ ఎదుటివారి పెదవుల కదలికలను బట్టి మాటలను గ్రహించడంలో అసాధారణ ప్రజ్ఞ సంపాదించింది. 1877 జూలై 11వ తేదీన ఆమె బెల్‌కు అర్ధాంగి అయింది. వివాహ కానుకగా ఆయన టెలిఫోను కంపెనీలో తనకున్న వాటాలలో పది మాత్రం ఉంచుకొని, తక్కినవన్నీ ఆమె పేర వ్రాసి ఇచ్చాడు.

టెలిఫోను పుట్టుక కూడా ఈ బధిర సేవతో ముడివడినదే. ప్రయోగాలకు కావలసిన ధనం సమకూర్చింది జార్జి తండ్రి, మేబెల్ తండ్రి. ధ్వని తరంగాలను కంటికి చూపగలిగితే, చెవిటి పిల్లలు తమ ఉచ్చారణను తామే చూసి దిద్దుకొనగలరని బెల్ భావించాడు. ఈ ఆశయంతో 1874లో ఒక వైద్యమిత్రుని సాయంతో మృతుని చెవిని సంపాదించి, కర్ణభేరికి అతుక్కొని ఉన్న చిన్న ఎముకకు గడ్డిపరక తగిలించి, మసిపూసిన గాజుపలకపై స్వరరేఖలు గీయించాడు. కాగితం వలె పలుచనైన ఆ పొర తనకంటె ఎంతో బరువైన ఎముకలను కదిలించడం చూసి, ఒక పలుచని రేకు విద్యుత్ ప్రవాహాన్ని స్వరానుగుణంగా ఎందుకు మార్చలేదని ఆలోచించాడు. 1876 మార్చి 7వ తేదీన ఆయనకు పేటెంటు లభించింది. మూడు రోజుల తరువాత, మార్చి 10న, తీగ మీద తొలిసారిగా మానవ వాక్కు స్పష్టంగా ప్రక్క గదిలోని సహాయకునికి వినిపించింది. చెవిటివారి కొరకు సాగించిన అన్వేషణ చెవులున్న లోకానికి టెలిఫోనును ఇచ్చింది.

కీర్తి, సంపద వచ్చిపడిన తరువాత విశ్రమించడం లోకరీతి. బెల్ ఆ పని చేయలేదు. తన కొత్త యంత్రాన్ని మళ్ళీ బధిరుల సేవకే మళ్ళించి, 1879లో వినికిడిని కొలిచే పరికరాన్ని రూపొందించాడు. అదే సంవత్సరం లండన్‌లో డేవిడ్ హ్యూస్ అనే శాస్త్రజ్ఞుడు కూడా ఇటువంటి సాధనాన్నే విడిగా ప్రదర్శించాడు. ఆడియోమీటర్ అనే పేరుతో నేడు ప్రతి చెవి వైద్యశాలలోనూ కనబడే యంత్రానికి పూర్వులు ఇవే.

బెల్ పరికరం పనిచేసే తీరు సులభగ్రాహ్యం. రెండు తీగచుట్టలు ఒక కొలబద్దపై ఎదురెదురుగా ఉంటాయి. ఒకదానిలో ఆగి ఆగి ప్రవహించే విద్యుత్తు రెండవదానిలో ప్రతిధ్వని వంటి ప్రవాహాన్ని పుట్టిస్తుంది. ఆ రెండవ చుట్టకు తగిలించిన టెలిఫోనును పిల్లవాడు చెవికి ఆనించుకొంటాడు. చుట్టలు దగ్గరగా ఉన్నప్పుడు శబ్దం గట్టిగా వినిపిస్తుంది. దూరం జరుపుతున్న కొద్దీ సన్నగిల్లుతుంది. ఎక్కడికి వచ్చేసరికి పిల్లవాడు ఇక వినబడడం లేదంటాడో, ఆ స్థానంలోని అంకె అతని వినికిడి హద్దు. కుడిచెవికి ఒక అంకె, ఎడమచెవికి ఒక అంకె.

అంతకుముందు వినికిడి పరీక్ష అంటే గడియారం టిక్కుటిక్కును చెవి దగ్గర పెట్టి చూడడం, వెనుక నిలిచి చప్పట్లు చరచడం, గుసగుసలాడి చూడడం. ఆ పరీక్షలలో గడియారాన్ని బట్టి, పరీక్షించేవాని గొంతును బట్టి ఫలితం మారేది. ఇప్పుడు వినికిడికి కొలత ఏర్పడింది. కొలత ఉన్నచోట పోలిక సాధ్యం. పోలిక ఉన్నచోట చికిత్స ఫలించినదీ లేనిదీ తెలుస్తుంది.

1880వ దశకంలో బెల్ ఈ పరికరంతో వాషింగ్టన్ నగరంలోని సాధారణ పాఠశాలల పిల్లలను వందల సంఖ్యలో పరీక్షించాడు. ఎవరూ అనుమానించని పిల్లలలో కూడా వినికిడి లోపం గలవారు ఉన్నారని తేలింది. పరధ్యానులు, మందమతులు అని వెనుక బల్లలకు నెట్టబడిన పిల్లల స్థితికి అసలు కారణం గురువు కంఠం వారికి సరిగా చేరకపోవడమే కావచ్చునని లోకానికి తెలియవచ్చింది. మరొక వైపు, పూర్తిగా చెవిటివారని ముద్రపడి బధిర పాఠశాలలలో ఉన్నవారిలో కొందరికి ఎంతో కొంత వినికిడి మిగిలి ఉన్నదని బయటపడింది. ధ్వని తీవ్రతను కొలిచే ప్రమాణానికి ఆయన గౌరవార్థం బెల్ అని పేరు పెట్టారు. అందులో పదవ వంతే మనం డెసిబెల్ అని వ్యవహరిస్తున్నది.

1880లో ఫ్రెంచి ప్రభుత్వం వోల్టా బహుమతి క్రింద ఇచ్చిన 50,000 ఫ్రాంకులతో ఆయన పరిశోధనాలయం నెలకొల్పాడు. దానివల్ల వచ్చిన ధనంతో 1887లో బధిరులకు సంబంధించిన విజ్ఞానాన్ని సేకరించే వోల్టా బ్యూరోను స్థాపించాడు. దీనికి ఒక సంవత్సరం ముందు అలబామా రాష్ట్రం నుండి ఒక తండ్రి, చూపూ వినికిడీ రెండూ లేని ఆరేళ్ళ కూతురిని తీసుకొని బెల్ వద్దకు వచ్చాడు. ఆ బాలికయే హెలెన్ కెల్లర్. బెల్ ఆమెను ఒడిలో కూర్చుండబెట్టుకొని, బోస్టన్‌లోని అంధుల విద్యాసంస్థకు వ్రాయవలసిందిగా తండ్రికి దారి చూపాడు. దాని ఫలితంగా 1887 మార్చి 3న ఆన్ సల్లివాన్ అనే యువతి హెలెన్‌కు గురువుగా వచ్చింది. తరువాతి కథ లోకవిదితం. 1893లో వోల్టా బ్యూరో నూతన భవనానికి తొలి పార త్రవ్వినది హెలెన్ కెల్లరే. 1903లో ఆమె తన ఆత్మకథను బెల్‌కు అంకితమిచ్చింది.

ఇంతవరకు చెప్పినది వెలుగు. ఇక నీడను కూడా చెప్పాలి.

బధిరులందరూ నోటితో మాట్లాడడం, పెదవులు చూసి గ్రహించడం నేర్చుకోవాలనీ, చేతులతో చేసే సంజ్ఞాభాష వారిని సంఘం నుండి వేరు చేస్తుందనీ బెల్ గాఢంగా నమ్మాడు. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో జరిగిన బధిర విద్యా మహాసభ బోధనలో నోటిమాటకే అగ్రస్థానమిచ్చి సంజ్ఞలను వెలివేయాలని తీర్మానించింది. ఆ సభలో ఓటు వేసినవారు దాదాపు అందరూ వినగలవారే. బెల్ ఆ సభకు వెళ్ళకపోయినా, అమెరికాలో ఆ పక్షానికి ఆయన ప్రతిష్ఠ కొండంత అండ అయింది. 1883లో జాతీయ విజ్ఞాన అకాడమీకి సమర్పించిన పత్రంలో ఆయన మరింత ముందుకు పోయాడు. బధిరులు బధిరులనే వివాహమాడుతున్నారనీ, ఇలాగే సాగితే మానవులలో ఒక బధిర శాఖ ఏర్పడగలదనీ హెచ్చరించాడు. అందుకు కారణాలుగా వసతిగృహ పాఠశాలలను, సంజ్ఞాభాషను, బధిర ఉపాధ్యాయులను పేర్కొన్నాడు. వివాహాలను చట్టంతో నిషేధించడం ఆచరణయోగ్యం కాదని అన్నా, ఈ మూడింటినీ తగ్గించాలని వాదించాడు.

ఈ మాటలు బధిరుల గుండెలలో ములుకులై నాటుకొన్నాయి. వారి పక్షాన వాదించిన ఎడ్వర్డ్ గలాడెట్, బధిర మాతకు పుట్టినవాడు. బధిరుల కళాశాలకు అధ్యక్షుడు. బెల్ కూడా చెవిటి తల్లి కుమారుడే. ఒకే విధమైన ఒడిలో పెరిగిన ఇద్దరు కుమారులు పరస్పర విరుద్ధమైన మార్గాలు పట్టడం చరిత్రలోని వింత. ఒకరి తల్లి చేతులతో మాట్లాడింది, మరొకరి తల్లి నోటితో మాట్లాడింది. ఎవరి అనుభవం వారికి సర్వసత్యంగా తోచింది. మేబెల్ ఐదేళ్ళ వరకు మాటలు విన్నదనీ, ధనిక గృహంలో ప్రత్యేక శిక్షణ పొందినదనీ, ప్రతి బధిర శిశువుకు ఆ అదృష్టం పట్టదనీ బెల్ తగినంతగా తలపోయలేదు.

ఆయన భయానికి శాస్త్రాధారం కూడా నిలువలేదు. వోల్టా బ్యూరో ధనసహాయంతోనే ఎడ్వర్డ్ ఫే అనే పండితుడు వేలాది బధిర వివాహాలను పరిశీలించి 1898లో గ్రంథం ప్రకటించాడు. అత్యధిక సంఖ్యాకులైన బధిర దంపతులకు వినగల సంతానమే కలుగుతున్నట్లు అందులో తేలింది. అయినా బెల్ వంశోన్నతి వాదాన్ని వదలుకోలేదు. 1921లో ఆ విషయమై జరిగిన రెండవ అంతర్జాతీయ మహాసభకు గౌరవాధ్యక్షుడుగా కూడా ఉన్నాడు.

ఫలితమేమయింది? అనేక దేశాలలో తరతరాల బధిర బాలలు తరగతిలో చేతులు కదిపినందుకు దండన పొందారు. బధిర ఉపాధ్యాయులు ఉద్యోగాలు కోల్పోయారు. మాట పూర్తిగా రాక, సంజ్ఞ అనుమతి లేక, ఏ భాషా లేకుండానే బాల్యం గడచిపోయినవారు ఎందరో. మిలాన్ తీర్మానాల పట్ల బధిర విద్యా మహాసభ బహిరంగంగా విచారం వెలిబుచ్చడానికి 2010 వరకు, అనగా 130 సంవత్సరాలు పట్టింది. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండు భాషలూ ఒకే కప్పు క్రింద వినిపిస్తాయి. ఇంటిలో పలికే భాష బడి గుమ్మం దగ్గర ఆగిపోతే పిల్లవాని మనస్సు ఎలా ముడుచుకుపోతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. బధిర శిశువుకు సంజ్ఞాభాష కూడా అటువంటిదే.

బెల్ 1922 ఆగస్టు 2వ తేదీన కెనడాలోని నోవా స్కోషియాలో, బడెక్ సమీపాన తన కొండమీది ఇంటిలో కన్నుమూశాడు. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికాలోని టెలిఫోనులన్నీ ఒక నిమిషం మౌనం వహించాయి. చివరి ఘడియలలో తనను విడిచిపోవద్దని మేబెల్ వేడుకొన్నప్పుడు, మాట పెగలని ఆయన విడిచిపోనన్న భావాన్ని వ్రేళ్ళ కదలికతోనే తెలిపాడని జీవితచరిత్రకారులు వ్రాశారు. జీవితమంతా నోటిమాటకే పట్టం గట్టిన మనిషికి కడపట తోడు వచ్చినది చేతి సంజ్ఞయే. కొన్ని మాసాలకే, 1923 జనవరిలో, మేబెల్ కూడా ఆయనను అనుసరించింది.

ఆయన నాటిన విత్తనం నేడు మహావృక్షమైంది. బిడ్డ పుట్టిన ఒకటి రెండు రోజులలోనే వినికిడిని పరీక్షించవచ్చు. ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి శబ్దం విన్నప్పుడు తానే ఒక సన్నని ప్రతిధ్వనిని వెలువరిస్తుందని 1978లో డేవిడ్ కెంప్ లండన్‌లో కనుగొన్నాడు. నిద్రించే శిశువు చెవిలో చిన్న గొట్టం పెట్టి ఆ ప్రతిధ్వనిని పట్టుకొనడమే ఒక పరీక్ష. తలపై తీగలు అంటించి, శబ్దానికి మెదడు స్పందనను గుర్తించడం మరొకటి. కొంచెం పెద్ద పిల్లలైతే శబ్దం వినబడినప్పుడల్లా ఒక ఆటబొమ్మను బుట్టలో వేయమంటారు. పుట్టిన నెలలోపల తొలి పరీక్ష, మూడు నెలలలోపల లోప నిర్ధారణ, ఆరు నెలలలోపల తగిన సహాయం అన్నది నేటి నిపుణులు నిర్దేశించిన క్రమం. భాషకు మెదడులో బీజాలు పడే వయస్సు అది. ఆ వయస్సు దాటితే కోల్పోయినది పూర్తిగా రాబట్టడం కష్టం.

మన దేశంలో 1965లో మైసూరులో అఖిల భారత వాక్‌శ్రవణ సంస్థ ఏర్పడింది. 1983లో బొంబాయిలో వినికిడి లోపం గలవారి కొరకు స్థాపించిన జాతీయ సంస్థకు మన హైదరాబాదు బిడ్డ, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగాను, మహారాష్ట్ర గవర్నరుగాను పనిచేసిన నవాబ్ అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సంజ్ఞాభాషను కూడా భావ వినిమయ సాధనంగా గుర్తించింది. యంత్రమూ, సంజ్ఞా రెండూ బిడ్డకు అందుబాటులో ఉండాలన్నదే నేటి వివేకం.

విద్యార్థి మిత్రులారా! మీలో అనేకులు రేపు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కాబోతున్నారు. పిలిస్తే తిరగని పసిబిడ్డను, ఏడాది దాటినా ముద్దుమాటలు రాని బిడ్డను పెంకితనమని, ఆలస్యంగా మాట్లాడడం వంశాచారమని సరిపెట్టుకొనకండి. చెవి కారుతున్న పిల్లవానికి కాచిన నూనెలు, ఆకు పసరులు పోయక వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళండి. తరగతిలో మాటిమాటికీ ఏమిటని అడిగే విద్యార్థిని మందలించే ముందు ముందు బల్లపై కూర్చుండబెట్టి చూడండి. మెదడువాపు వంటి వ్యాధుల తరువాత వినికిడి పరీక్ష తప్పనిసరి అని ఇంటివారికి తెలియజెప్పండి.

బెల్ జీవితం నుండి మనం గ్రహించవలసిన పాఠాలు రెండు. పిల్లవాడు వినడం లేదని నిందించక, అతనికి ఎంత వినబడుతున్నదో కొలిచి తెలుసుకోవాలన్నది ఆయన నేర్పిన పాఠం. ఆ బిడ్డకు ఏది మేలో నిర్ణయించే ముందు, ఆ జీవితం గడిపినవారి మాటను, అది చేతులతో చెప్పిన మాట అయినా సరే, ఆలకించాలన్నది ఆయన నేర్వక మనకు విడిచిపోయిన పాఠం.